కప్పు బరువు డబ్బా మూత మీదే రాసేయండి
చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడే ఒక కప్పంటే ఎన్ని గ్రాములో ఫోన్‌లో వెతుక్కోవాల్సి వస్తుంది, అదే పెద్ద చిరాకు. అందుకే ప్రతి డబ్బా మూత లోపలివైపు చిన్న కాగితం అంటించేశాను. 240 మి.లీ. కప్పుకి మైదా 120 గ్రాములు, పంచదార 200, వెన్న 227, తేనె 340 దాకా వస్తాయి. నీళ్లయితే లెక్కే అక్కర్లేదు, 240 మి.లీ. అంటే 240 గ్రాములే. గిన్నె కాటా మీద పెట్టి సున్నా చేసి, ఒక్కొక్కటి వేసిన ప్రతిసారీ మళ్లీ సున్నా చేసుకుంటూ పోతే కప్పులు కడిగే పనే ఉండదు, తేనె జిగురు వదిలించుకునే బాధ అసలే ఉండదు. మైదా దగ్గర మాత్రం జాగ్రత్త. కప్పు కొలతతో రాసిన వంటకంలో పిండిని చెంచాతో వదులుగా నింపి పైన చదును చేయమంటేనే ఈ 120 సరిపోతుంది, కప్పు డబ్బాలో ముంచి తీయమంటే 140 గ్రాములు వేసుకోండి.