తెఫిల్లిన్ కట్టుకోవడంలో ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుంది

తెఫిల్లిన్ అంటే యూదులు ప్రార్థనప్పుడు తలకూ చేతికీ పట్టీలతో కట్టుకునే, లోపల లేఖన భాగాలున్న చిన్న తోలు పెట్టెలు. అవి చెల్లుతాయా లేదా అనగానే చాలామందికి లోపలి చర్మపత్రాలే గుర్తొస్తాయి. అక్షరం చెరిగిందేమో, సిరా రాలిందేమో అని. ఆ భయం సబబే. కానీ రోజూ జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం పెట్టె బయటే ఉంటాయి. తల పెట్టె నుదుటి మీదికి జారుతుంది, చేతి ముడి పెట్టె నుంచి విడిపోతుంది, పట్టీ మీద నలుపు లేచిపోతుంది. ఎంత పేరున్న సోఫెర్, అంటే శాస్త్రప్రకారం రాసే లేఖకుడు, రాసినవైనా సరే, తల పెట్టె వేలెడు కిందికి దిగితే ఆ పూట తల తెఫిల్లిన్ మిత్స్‌వా (ధర్మశాస్త్ర ఆజ్ఞ) నెరవేరదు. దాని మీద చెప్పిన బ్రాఖా, అంటే ఆశీర్వచనం, కూడా వృథాగా చెప్పినట్టే. అందుకే ముందు పెట్టె ఎక్కడ కూర్చోవాలో చూద్దాం.

భాగాల పేర్లు తెలిస్తే మిగతాది సులువు. తలకు కట్టేది షెల్ రోష్, చేతికి కట్టేది షెల్ యాద్. నిర్గమకాండము 13:1–10, 13:11–16, ద్వితీయోపదేశకాండము 6:4–9, 11:13–21 అనే నాలుగు భాగాలూ రెండింటిలోనూ ఉంటాయి. తల పెట్టెలో నాలుగు అరలు, నాలుగు వేర్వేరు పత్రాలు. చేతి పెట్టెలో ఒకే అర, ఒకే పత్రం. పెట్టె కింద ఉన్న మందపాటి పీఠం తితూరా. దాని వెనకవైపు పట్టీ దూర్చే సందు మాబర్తా. పీఠం అంచు చుట్టూ జంతువు నరాలతో పేనిన దారంతో 12 కుట్లు ఉంటాయి. తల పెట్టె రెండు పక్కలా షీన్ అనే హీబ్రూ అక్షరం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పెట్టుకున్నవాడి కుడివైపు మూడు కొమ్మల షీన్, ఎడమవైపు నాలుగు కొమ్మల షీన్.

తల మీద ఎక్కడ

లేఖనం “నీ కన్నుల మధ్య” అంటుంది కాబట్టి కనుబొమ్మల మధ్య పెట్టుకోవాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అది తప్పు. ద్వితీయోపదేశకాండము 14:1లో చనిపోయినవాళ్ల కోసం “కన్నుల మధ్య” బోడి చేసుకోవద్దని ఉంది. బోడి చేయాలంటే అక్కడ జుట్టు ఉండాలి. కాబట్టి ఆ మాటకు అర్థం కళ్లకు సూటిగా పైన, జుట్టు మొలిచే చోటు అని ప్రాచీన యూదు పండితుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్ తేల్చింది. కింది హద్దు జుట్టు మొదళ్లు మొదలయ్యే గీత. పై హద్దు పసిపిల్లల తల మీద మెత్తగా కొట్టుకునే మాడు. ఈ రెంటి మధ్య రెండు తెఫిల్లిన్ పట్టేంత చోటు ఉందని తల్మూదే చెబుతుంది. కాబట్టి కాస్త పైకి పెట్టుకుంటే నష్టం లేదు. గీత దాటి కిందికి వస్తేనే చిక్కు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. గీత దాటకూడనిది పెట్టె ఒక్కటే కాదు, దాని కింది పీఠం ముందు అంచు కూడా. పెట్టె జుట్టు మీదే ఉన్నట్టు అద్దంలో కనిపిస్తుంది, పీఠం మాత్రం నుదుటి మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. పరీక్షించుకోవడానికి చూపుడువేలు పీఠం ముందు అంచు కింద ఆనించి అటూ ఇటూ జరపండి. ఆ అంచు ఆనిన చోట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జుట్టు మొదళ్లు తగలాలి, నున్నటి చర్మం తగలకూడదు. ముందుకు పడే జుట్టు కొసలు లెక్కలోకి రావు, మొదళ్లే లెక్క. బట్టతల వచ్చినవాళ్లు మునుపు జుట్టు ఎక్కడ మొదలయ్యేదో ఆ గీతనే పట్టుకోవాలి. కుడిఎడమలు సమంగా ఉన్నాయో లేదో అద్దంలో చూసుకోండి.

వెనక ముడి పెడతల కింద, పుర్రె ఎముక అంచు దగ్గర ఆనాలి. మెడ గుంటలోకి దిగకూడదు, పక్కకు ఒరగకూడదు. ముడి జారుతోందంటే పట్టీ చుట్టుకొలత పెద్దదైందని అర్థం. జుట్టు కత్తిరించుకున్నాక ఇది తరచూ జరుగుతుంది, ఎదిగే పిల్లలకైతే తల పెరిగి పట్టీ బిగుతవుతుంది. ముడి సవరించడం తెలిసినవాళ్లతో చేయించుకోండి. ముడి ఆకారం దాలెత్ అనే హీబ్రూ అక్షరానిది కాబట్టి ఎలా పడితే అలా లాగి సరిచేయకూడదు. వదులుగా ఉన్న పెట్టెను ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా నాలుగు నిమిషాల్లో నుదుటి మీదికి వస్తుంది.

చేయి

బలహీనమైన చేతికి కట్టాలి. కుడిచేతివాటం ఉన్నవాళ్లు ఎడమ చేతికి, పుర్రచేతివాటం ఉన్నవాళ్లు కుడి చేతికి. రెండు చేతులూ సమంగా వాడేవాళ్లు ఎడమ చేతికే కడతారు. ఒక చేత్తో రాస్తూ మిగతా పనులన్నీ రెండో చేత్తో చేసేవాళ్ల విషయంలో పండితుల మధ్య భేదం ఉంది. వాళ్లు తమ రబ్బీని (మతగురువును) ఒకసారి అడిగి, ఆ మాట మీదే నిలబడాలి. పుర్రచేతివాళ్లకు ముడి కూడా వేరుగా వేయాలి. ఎందుకంటే యూద్ అనే హీబ్రూ అక్షరం ఆకారంలో ఉండే చిన్న ముడి ఎప్పుడూ గుండె వైపే ఉండాలి. మామూలు జత తీసుకుని కుడి చేతికి కడితే ఆ ముడి బయటివైపుకు తిరుగుతుంది.

పెట్టె కూర్చోవలసింది మోచేతికీ చంకకీ మధ్య సగభాగానికి కింద, మడిచినప్పుడు ఉబ్బే కండ మీద. మోచేతి దగ్గర కండ లేని చదునైన చోట పెట్టకూడదు. చేయి కిందికి వదిలితే పెట్టె గుండె వైపు కొద్దిగా ఒరిగి ఉండాలి. మాబర్తా భుజం వైపు, పెట్టె చేతి వైపు. యూద్ ముడి పెట్టెను అంటుకునే ఉండాలి. వాడుతూ పోతే ఈ ముడి మెల్లగా దూరం జరుగుతుంది. అందుకే చాలామంది నరం దారంతో ముడిని పెట్టెకు కట్టి ఉంచుతారు. ఆ దారం తెగిపోయిందా అని అప్పుడప్పుడూ చూడండి.

వరుస, బ్రాఖా

ముందు చేయి, తర్వాత తల. తీసేటప్పుడు ముందు తల, తర్వాత చేయి. సంచిలో కూడా చేతి పెట్టె ముందుగా చేతికి అందేలా సర్దుకోవాలి. ఎదురైన మిత్స్‌వాను దాటి పోకూడదని నియమం. ఒకవేళ తల పెట్టె ముందుగా చేతికి తగిలితే దాన్ని పక్కన పెట్టి చేతిదే కట్టాలి, ఇక్కడ లేఖనం చెప్పిన వరుసే గెలుస్తుంది.

చేయి దూర్చి, పెట్టె కండ మీద సరిగ్గా నిలిపి, బిగించే ముందు “లెహానియాహ్ తెఫిల్లిన్” బ్రాఖా చెప్పి వెంటనే బిగించాలి. తర్వాత ముంజేతికి ఏడు చుట్లు. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా సంప్రదాయ యూదులు) ఎక్కువగా తమ వైపుకు చుడతారు, సెఫార్దీలూ (స్పెయిన్, మధ్యప్రాచ్య సంప్రదాయంవాళ్లు) హసీదీలూ (హసీదిక్ భక్తి ఉద్యమంవాళ్లు) బయటికి. మిగిలిన పట్టీని అరచేతికి తాత్కాలికంగా చుట్టి తల పెట్టె పెట్టుకోవాలి. అష్కెనాజీలు తల మీద “అల్ మిత్స్‌వత్ తెఫిల్లిన్” అనే రెండో బ్రాఖా చెప్పి, బిగించాక “బారూఖ్ షేమ్” అనే స్తుతివాక్యం చెబుతారు. యోసెఫ్ కారో తన ధర్మశాస్త్ర సంగ్రహమైన షుల్హాన్ ఆరూఖ్‌లో చెప్పినట్టు సెఫార్దీలకు ఒక్క బ్రాఖాయే. చివరికి మధ్యవేలికి మూడు చుట్లు చుడుతూ హోషేయ 2:21–22 చదువుతారు. తెలుగు బైబిలులో ఆ వచనాలు 19, 20.

చేతిదానికీ తలదానికీ మధ్య మాట్లాడకూడదు, సైగలు కూడా చేయకూడదు. పక్కన కద్దీషో కెదూషానో (సభ కలిసి జవాబిచ్చే స్తుతులు) వినిపిస్తే జవాబివ్వకుండా ఆగి వినండి చాలు. అనవసరంగా మాట్లాడితే సెఫార్దీలకు కూడా తల మీద బ్రాఖా చెప్పవలసి వస్తుంది, అష్కెనాజీలు రెండు బ్రాఖాలూ చెప్పాలి.

రెండూ వేర్వేరు మిత్స్‌వాలు. ఒకటి దొరకకపోయినా, ఒక చోట కట్టలేకపోయినా, రెండోదాన్ని వదిలేయకూడదు. దండ చేతికి పెద్ద కట్టు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కట్టు మీద పెట్టుకుంటే బ్రాఖా లేదు, తలకు మాత్రం మామూలుగానే పెట్టుకోవాలి. ఆ పరిస్థితిలో తల మీద ఏ బ్రాఖా చెప్పాలో రబ్బీని అడగండి.

పెట్టెకూ చర్మానికీ మధ్య, తల దగ్గరైతే జుట్టుకూ పెట్టెకూ మధ్య, ఏదీ అడ్డు ఉండకూడదు. చొక్కా చేయి గట్టిగా పైకి మడవండి, లేకపోతే అది జారి పెట్టె కిందికి దూరుతుంది. గడియారం, ఉంగరం తీసేయడం మంచి అలవాటు. పట్టీ కింద ఉన్న అడ్డు గురించి నియమం కొంత సడలింపుగానే ఉంది, అయినా జాగ్రత్త మేలు. ముందువైపు అసహజంగా పొడుగ్గా పెంచి దువ్విన జుట్టును షుల్హాన్ ఆరూఖ్ వ్యాఖ్యానమైన మిష్నా బెరూరా అడ్డుగానే లెక్కిస్తుంది.

నాలుగు మూరల దూరంలో ఉన్న పరిచయస్తుణ్ణి గుర్తుపట్టేంత వెలుగు వచ్చాకే పెట్టుకోవాలి. పొద్దున మరిచిపోతే సూర్యాస్తమయం దాకా గడువుంది. షబ్బాత్ (వారపు విశ్రాంతి దినం), పండుగ రోజుల్లో పెట్టుకోరు.

ఒంటిమీద ఉండగా

తెఫిల్లిన్‌తో నిద్రపోకూడదు, మరుగుదొడ్డికి వెళ్లకూడదు. కడుపులో గాలి అదుపులో లేని రోజు ప్రార్థనలో ముఖ్యభాగాలైన షెమా, అమీదా చదివినంత సేపయినా పెట్టుకోగలరా అని ఆలోచించుకుని, కుదిరితే ఆ కొద్దిసేపే పెట్టుకోండి. షెమాలో కట్టుకోవడం గురించి వచ్చే మాటల దగ్గర చేతి పెట్టెను, తర్వాత తల పెట్టెను తాకడం ఆచారం. అదే సమయంలో పెట్టె జారిందేమో కూడా తెలిసిపోతుంది.

పట్టీ నల్లటి వైపు బయటికి ఉండాలి. తల చుట్టూ ఉన్న భాగం, చేతికి మొదట బిగించిన చుట్టు మెలి తిరగకుండా చూసుకోవాలి.

పట్టీలు, పెట్టెలు

పట్టీ వెడల్పు బార్లీ గింజ పొడవుకు తగ్గకూడదు. వాడుకలో 9 నుంచి 11 మిల్లీమీటర్లు అంటారు. మాబర్తా నుంచి బయటికి వచ్చే చోట, ముడి దగ్గర, పట్టీ రోజూ ఒకే చోట మడత పడుతుంది. ముందుగా సన్నబడేదీ, పగిలి తెల్లటి తోలు బయటపడేదీ అక్కడే. వెలుగులో పట్టీని వంచి చూడండి. నలుపు పోయి ఉంటే తెఫిల్లిన్ కోసమే తయారుచేసిన నల్లరంగుతో పూయాలి. పూసే ముందు “తెఫిల్లిన్ పవిత్రత కోసం” అని నోటితో అనాలి, పూసేవాడు యూదుడై ఉండాలి. బూటుపాలిష్ పనికిరాదు. తల చుట్టూ ఉండే భాగంలోగానీ, చేతికి బిగించే భాగంలోగానీ పట్టీ తెగితే ముడివేసి వాడకూడదు. కొత్తది వేయించాలి.

పెట్టె, పీఠం, కుట్టు మూడూ చతురస్రంగా ఉండాలి. మూలలు గుండ్రబడితే సోఫెర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందపాటి పశువుతోలుతో చేసిన గస్సోత్ పెట్టెలను మళ్లీ అచ్చుకు తేవచ్చు, చౌకరకం పెట్టెల్లో ఆ అవకాశం తక్కువ. తల పెట్టె ముందువైపు పీఠం దగ్గర సన్నటి వెంట్రుక బయటికి కనిపిస్తుంది. అది చెత్త కాదు. పత్రాలను కట్టిన దూడ తోక వెంట్రుక అది, ఆచారంగానే బయటికి వదులుతారు. దాన్ని పీకకండి.

వేడి, తేమ రెండూ శత్రువులే. ఎండలో ఆపిన కారులో వదిలితే తోలు వంకరపోతుంది, సిరా పగులుతుంది. వానకు తడిస్తే మెత్తటి పొడిగుడ్డతో అద్ది నీడలో గాలికి ఆరబెట్టండి, వేడిగాలి పెట్టవద్దు. బాగా తడిసినవాటిని లోపల చూపించాకే మళ్లీ వాడండి. పట్టీలు పట్టుకుని వేలాడదీయకూడదు. సంచి లేకుండా నేల మీద పడితే ఉపవాసం ఉండే ఆచారం ఉంది, చాలామంది బదులుగా దానం ఇస్తారు. పడినవాటిని తప్పకుండా పరీక్షించాలి.

రోజూ వాడే తెఫిల్లిన్‌కు తరచూ పరీక్ష తప్పనిసరి కాదని, ఎప్పుడో ఒకప్పుడు వాడేవాటిని ఏడేళ్లలో రెండుసార్లు చూపించాలని షుల్హాన్ ఆరూఖ్ నియమం. చెమట పట్టేవాళ్లు ఇంకాస్త తరచుగా చూపించడం మంచిది. రెండు పెట్టెల్లో కలిపి 3,188 అక్షరాలు, వాటిలో ఒక్కటి పోయినా ఆ పెట్టె చెల్లదు. అక్షరాలు వరుసగానే రాయాలి కాబట్టి పోయిన అక్షరాన్ని తర్వాత తిరిగి రాసి సరిచేయడం కుదరదు. అలా చెల్లకుండా పోయిన పత్రాలనూ, తీసేసిన పాత పట్టీలనూ చెత్తలో వేయకూడదు, గెనీజాకు, అంటే వాడని పవిత్ర వస్తువులను భద్రపరిచే చోటికి, ఇవ్వాలి.