మోడల్ లైట్‌హౌస్ దీపం తిరుగుతున్నట్టు కనిపించడం లేదా? సమస్య - పరిష్కారం

దీపం తిరుగుతున్నట్టు లేదు, బండి ఇండికేటర్‌లా టక్కున వెలిగి టక్కున ఆరుతోంది

ముందు సరిచేయాల్సింది ఇదే. తిరిగే లెన్స్ ఉన్న అసలు లైట్‌హౌస్‌లో దీపం ఆరదు, దాని చుట్టూ లెన్స్ తిరుగుతుంది. కాంతి మనవైపు వస్తుంటే వెలుగు పెరుగుతుంది, సూటిగా పడిన క్షణం మెరుస్తుంది, దాటిపోగానే తగ్గుతుంది. 555 టైమర్ అనే చిన్న చిప్‌తో చేసే మామూలు బ్లింకర్‌కు ఆన్, ఆఫ్ తప్ప మరోటి తెలియదు. కాబట్టి వేగం ఎంత మార్చినా లాభం లేదు.

పీడబ్ల్యూఎం (ఎల్ఈడీని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగును పెంచే, తగ్గించే పద్ధతి) ఉన్న ఆర్డుయినో ఊనో లాంటి, కోడ్‌తో నడిచే చిన్న బోర్డు వాడండి. 6 సెకన్ల చుట్టులో 0.9 సెకను పెరగాలి, 0.2 సెకను పూర్తిగా వెలగాలి, 0.9 సెకను తగ్గాలి. మిగతా 4 సెకన్లు సన్నటి వెలుగు ఉంచండి, పూర్తిగా ఆర్పొద్దు. నా దృష్టిలో అసలు అందం ఆ సన్నటి వెలుగులోనే ఉంది.

వెలుగు మొదట్లోనే ఒక్కసారిగా పెరిగి, తర్వాత మారనట్టుంది

కోడ్ వెలుగు విలువను 0 (ఆరినట్టు) నుంచి 255 (పూర్తి వెలుగు) దాకా సమానంగానే పెంచుతుంది. కానీ మన కన్ను మసక వెలుగులోని తేడాను ఎక్కువగా, ప్రకాశంలోని తేడాను తక్కువగా పట్టుకుంటుంది. అందుకే గామా సవరణ, అంటే కంటికి సమానంగా కనిపించేలా విలువలను మార్చే లెక్క, కావాలి: మెట్టును 255తో భాగించి, 2.2 ఘాతానికి పెంచి, తిరిగి 255తో గుణించండి. ఈ లెక్కన 128వ మెట్టు దగ్గర పంపాల్సింది 56 మాత్రమే. అడుగున 1, 2 విలువల మధ్య కుదుపు కనిపిస్తే, కనిష్ఠాన్ని 4 దగ్గర ఆపేయండి. సన్నటి వెలుగు ఎలాగూ కావాలి కదా!

నాలుగు దిక్కులకూ నాలుగు ఎల్ఈడీలు పెట్టాను, అయినా తేడాగా ఉంది

మసక వెలుగులో రెండే తేడాగా ఉంటే అవి 5, 6 పిన్‌లకు ఉన్నాయేమో చూడండి. ఊనోలో ఆ రెండూ మిల్లీసెకన్ల లెక్క చూసే టైమర్‌తోనే నడుస్తాయి, చిన్న విలువల దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ వెలుగిస్తాయి. 3, 9, 10, 11కు మార్చండి.

పక్కది వెలిగేటప్పుడు ఇది మసకబారుతోందంటే నాలుగింటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారన్నమాట. 5 వోల్ట్‌ల దగ్గర తెల్ల ఎల్ఈడీకి 150 ఓమ్స్ చొప్పున దేనికి దానికే పెట్టండి.

ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి మొదలవుతోందా? కోడ్‌లో డిలే (కాసేపు బోర్డును ఆపి ఉంచే ఆదేశం) తీసేసి మిల్లీస్‌తో (బోర్డు మొదలయ్యాక ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే ఆదేశం) సమయం లెక్కించండి. ఒక్కోదాన్నీ 1.5 సెకన్ల తేడాతో నడిపితే వెలుగులు అర సెకను కలుస్తాయి, చూపుకి తిరుగుతున్నట్టే ఉంటుంది. ఎల్ఈడీల మధ్య ప్లస్ గుర్తులా నల్ల అట్ట నిలబెట్టడం మరవొద్దు.

టవర్ గోడలు కూడా వెలుగుతున్నాయి

పల్చటి ప్లాస్టిక్ గుండా కాంతి బయటికొస్తోంది. లోపల నల్లరంగు రెండు పూతలు వేయండి.

కాసేపటికి అంతా ఆరిపోతోంది

పవర్ బ్యాంక్‌తో నడుపుతుంటే ఇది లోపం కాదు. కరెంట్ బాగా తక్కువ తీసుకుంటే చాలా పవర్ బ్యాంకులు ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. 5 వోల్ట్‌ల అడాప్టర్ పెట్టండి, లేదా తక్కువ కరెంట్ మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ వాడండి.