సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే కాలు ముందు బ్రేకు మీదకు

పచ్చ లైటు పడుతుంది. క్లచ్ వదలగానే బండి ఒక్క ఉదుటున ముందుకు ఊగి ఠక్కున ఆగిపోతుంది. వెనక హారన్లు మొదలవుతాయి. గేరు కారు కొత్తగా నేర్చుకుంటున్న 18, 19 ఏళ్ల పిల్లలకు అక్కడ కాళ్లూ చేతులూ ఆడవు. బండి ఆగిపోవడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. అసలు ప్రమాదం ఆ తర్వాతి ఐదు సెకన్లలో ఉంది. కంగారులో గేరు అలాగే ఉంచి, క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ కొడితే చాలా కార్లు స్టార్టర్ మోటారు బలంతోనే ముందుకు దూకుతాయి. ముందున్న బండికి తగిలేది అప్పుడే.

అందుకే బండి ఆగిన మరుక్షణం కుడికాలు బ్రేకు మీదకు వెళ్లాలి. ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి, తొక్కుతూ వదులుతూ ఉండొద్దు. ఇంజిన్ ఆగాక బ్రేకు బూస్టర్‌లో, అంటే పెడల్‌ను తేలిక చేసే భాగంలో, మిగిలే బలం ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. అది అయిపోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు ఫెయిలైందని భయపడకండి. కాలి బలమంతా పెట్టి తొక్కితే పడుతుంది. స్టీరింగ్ బరువెక్కడానికీ ఇంజిన్ ఆగిపోవడమే కారణం.

కాలు బ్రేకు మీద కుదురుకున్నాక క్లచ్ నేలకంటా తొక్కి గేరు న్యూట్రల్‌లోకి తెండి. రాడ్డును అటూ ఇటూ ఊపి చూడండి, అడ్డు లేకుండా ఆడితే న్యూట్రల్‌లో ఉన్నట్టు. తాళంతో నడిచే కార్లు చాలావాటిలో తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే గానీ రెండోసారి సెల్ఫ్ పడదు. తిప్పడం వరకే, బయటికి మాత్రం లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. బటన్ కార్లలో క్లచ్ తొక్కకుండా నొక్కితే తరచూ డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి గానీ ఇంజిన్ అందుకోదు. ఇంజిన్ అందుకోగానే తాళం వదిలేయండి. రెండు ప్రయత్నాలకూ అందుకోకపోతే ముందు హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) వేసి, ఆ తర్వాత మూడోసారి చూడండి.

ఇక్కడే మరో పొరపాటు కాచుకుని ఉంటుంది. ఫస్ట్ గేరు అనుకుని థర్డ్ వేసేస్తారు, బండి మళ్లీ ఆగుతుంది. న్యూట్రల్‌లో గేరు రాడ్డును స్ప్రింగులు మధ్యకు, అంటే థర్డ్, ఫోర్త్‌ల వరుసలోకి లాగుతాయి. అక్కడి నుంచి నేరుగా పైకి తోస్తే పడేది థర్డే. రాడ్డును ముందు పూర్తిగా ఎడమకు ఆనించి, ఆ ఒత్తిడి వదలకుండా పైకి తోయాలి. రివర్స్ గేరు ఫస్ట్ పక్కనే ఉండే కార్లు కూడా ఉన్నాయి కాబట్టి రాడ్డు పైనున్న నాబ్ మీది బొమ్మ ఒకసారి చూసుకోండి.

ఇక బండి ఎందుకు ఆగుతుందో చూద్దాం. యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ నిమిషానికి దాదాపు 700 నుంచి 900 చుట్లు తిరుగుతూ ఉంటుంది. చక్రాలు మాత్రం నిశ్చలంగా ఉంటాయి. ఈ రెంటినీ కలిపేది క్లచ్ ప్లేటు. కాలు ఒక్కసారిగా ఎత్తేస్తే ప్లేటు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని, గట్టిగా పట్టేస్తుంది, కారు బరువంతా ఇంజిన్ మీద పడి దాని తిరుగుడును ఆపేస్తుంది. ప్లేటు కొంచెం జారుతూ, కొంచెం పట్టుతూ ఉండే చోటు పెడల్ ప్రయాణంలో ఒకటుంది. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. అది ఒక్కో కారులో ఒక్కో ఎత్తున ఉంటుంది, ప్లేటు అరిగే కొద్దీ మారుతుంది. కాబట్టి కొత్త బండి ఎక్కిన ప్రతిసారీ ఎడమకాలు దాన్ని వెతుక్కోవాల్సిందే.

వెతకడానికి బల్లపరుపుగా ఉన్న ఖాళీ స్థలం కావాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండేంత దగ్గరగా సీటు జరుపుకోండి. సీటు దూరమైతే మునివేళ్లతో తొక్కాల్సి వస్తుంది, క్లచ్ పూర్తిగా విడవదు, గేరు కరకరమంటుంది. చెప్పులు వద్దు, పెడల్ కింద ఇరుక్కుంటాయి. పలుచటి అడుగున్న బూట్లు మేలు. కుడికాలు బ్రేకు మీదే ఉంచి, ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్‌ను గోరంత గోరంత వదలండి. ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, ఇంజిన్ చుట్లు చూపే ఆర్‌పీఎం ముల్లు చిన్నగా కిందికి దిగుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేచినట్టు ఉంటుంది. కాలు అక్కడే ఆపండి. బ్రేకు మెల్లగా వదిలితే బండి దానంతటదే పాకుతుంది. చక్రం ఒక పూర్తి చుట్టు, అంటే దాదాపు రెండు మీటర్లు, తిరిగేదాకా కాలు కదపొద్దు. మిగతా క్లచ్ ఆ తర్వాతే వదలాలి. చాలామందికి బండి ఆగిపోయేది ఈ రెండు మీటర్లలోనే, కదిలింది కదా అని కాలు ఎత్తేస్తారు. రోజూ ఇరవైసార్లు ఇలా చేస్తే కాలికి చోటు గుర్తుంటుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కు కొంచెం రేస్ ఇవ్వాల్సి రావచ్చు. డీజిల్ బండి తక్కువ చుట్లలోనే బాగా లాగుతుంది కాబట్టి ఇంకొంచెం ఓర్చుకుంటుంది. ఏసీ కూడా ఇంజిన్‌కు బరువే, మొదటి రోజుల్లో ఆపి ఉంచండి.

కప్పలా గెంతుతూ పోతుంటే కారణం కుడికాలు. కుదుపుకు ఒళ్లు ఊగినప్పుడల్లా పాదం యాక్సిలరేటర్‌ను తొక్కుతూ వదులుతూ ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కేస్తే గెంతులు ఆగుతాయి. ఆ తర్వాత మడమ నేలకు ఆనించి వేళ్లతోనే తొక్కడం అలవాటు చేసుకోండి.

ఎత్తులో ఆగినప్పుడు ముందున్న బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు కనిపించేంత దూరం వదలండి, అదీ వెనక్కి జారవచ్చు. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ వేసి, ముల్లు 1500 దగ్గర నిలిచేలా రేస్ ఇస్తూ హాఫ్ క్లచ్‌కు తెండి. బానెట్ లేచి బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించాక హ్యాండ్‌బ్రేక్ దించండి. వెనక్కి జారితే వెంటనే బ్రేకు తొక్కాలి. భయంతో క్లచ్ ఒక్కటే తొక్కితే పట్టు పూర్తిగా పోయి ఇంకా వేగంగా జారుతుంది. సిగ్నల్ పడేదాకా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టొద్దు, ప్లేటు మాడి ఘాటైన వాసన వస్తుంది.

పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు ఒక మనవి. ‘క్లచ్, బ్రేకు, రేస్’ అని ఒకేసారి అరిస్తే పిల్లల కాలు తప్పు పెడల్ మీదకు పోతుంది. ‘బ్రేకు’ అనే ఒక్క మాట చాలు, మీ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ అందేంత దగ్గర ఉండాలి. మళ్లీ స్టార్టయ్యేలోపు ఎర్రలైటు పడి ఉండొచ్చు, ఆ సందులో బైకులు రెండు పక్కలా వచ్చి నిలబడి ఉంటాయి. కదిలే ముందు లైటు మళ్లీ చూసి, రెండు అద్దాలూ చూసి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి తిరిగి చూడమని చెప్పండి.