వానలు ముదిరేలోపు టెలి ఐసీయూను సరిచూసుకోండి

వానలు ముదిరితే రంపచోడవరం, పాడేరు, భద్రాచలం వైపు ఆసుపత్రులకు రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. పాముకాట్లు, జ్వరం ముదిరి బీపీ పడిపోయిన కేసులు పెరుగుతాయి. వాగులు పొంగి పెద్దాసుపత్రికి దారి మూసుకుపోతుంది. దూరాన ఉన్న డాక్టరు వీడియోలో పేషెంటును చూసి సలహా ఇచ్చే టెలి ఐసీయూ నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే. కాకపోతే స్క్రీన్‌లో కనిపించే ఇంటెన్సివిస్టుకు (ఐసీయూ నిపుణుడికి) మనం చూపించిందే తెలుస్తుంది, మనం చెప్పిందే వినిపిస్తుంది. సూది వేసేదీ, గొట్టం పెట్టేదీ ఇక్కడి డ్యూటీ డాక్టరు, స్టాఫ్ నర్సులే.

ముందు కరెంటు సంగతి. మానిటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపి, నెట్ రౌటర్‌ను మామూలు ప్లగ్గులో వదిలేస్తే కరెంటు పోగానే వీడియో ఆగిపోతుంది. రెండూ ఇన్వర్టర్ మీదే ఉండాలి. వేర్వేరు కంపెనీల సిమ్ములతో రెండు హాట్‌స్పాట్‌లు సిద్ధంగా ఉంచండి. టెలి ఐసీయూ కంట్రోల్ రూమ్ ఫోన్ నంబరు గోడకు అంటించండి, వీడియో పోయినా మాట ఆగకూడదు. ఆక్సిజన్ లెక్క కూడా ఇప్పుడే కట్టండి. పెద్ద డి టైప్ సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే 12 గంటలు కూడా రాదు. దారి రెండు రోజులు మూసుకుపోతే ఒక్క పేషెంటుకే నాలుగైదు కావాలి.

ఫోన్ చేయడంలో ఆలస్యం వద్దు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే. కట్లపాము కాటునే చూడండి. గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తారు, తర్వాత కనురెప్పలు వాలతాయి. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగానే ఉందని నిశ్చింతగా ఉండొద్దు, అది చివర్లో పడిపోతుంది. తల ఎత్తలేకపోతున్నా, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టలేకపోతున్నా వెంటనే ఫోన్ చేయండి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ మంచం పక్కనే పెట్టండి. విషం ఎక్కిన లక్షణాలు స్పష్టంగా ఉంటే యాంటీవీనమ్ (విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టడానికి కాల్ కలిసేదాకా ఆగొద్దు. పాముకాటు కేసుల్లో చేసే 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకు కొత్త, పొడి గాజు ట్యూబే వాడండి. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు తప్పు ఫలితం చూపించి అవతలి డాక్టరును కూడా తప్పుదారి పట్టిస్తాయి.

పురుగుల మందు తాగిన కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ చాలిందో లేదో ముఖ్యంగా ఊపిరితిత్తుల చప్పుడును బట్టి తెలుస్తుంది. కెమెరాకు అది వినపడదు. స్టెత్ పెట్టి విని చెప్పాల్సింది మీరే.

వయసు, బరువు, ఎన్నింటికి వచ్చారు, బీపీ, పల్స్, నిమిషం నిండా లెక్కపెట్టిన ఊపిరి, ఎంత ఆక్సిజన్ మీద ఎంత సాచురేషన్, మూత్రం ఎంత వచ్చింది, ఇప్పటిదాకా ఏం ఇచ్చారు అన్నవి కాగితం మీద రాసుకుని మాట్లాడండి. మీ దగ్గరున్న మందులు, మందు ఎక్కించే పంపుల జాబితా కూడా ముందే పంపండి. లేని మందు రాసి ఇస్తే దాన్ని వెతకడంలోనే సమయం పోతుంది.

చెప్పిన డోసును తిరిగి వినిపించండి, మిల్లీగ్రాములా మైక్రోగ్రాములా అన్నది విడిగా పలికి మరీ. నార్‌అడ్రినలిన్ లాంటి బీపీ పెంచే మందులో ఆ ఒక్క మాట తప్పితే వెయ్యి రెట్ల తేడా. టైమ్, సలహా ఇచ్చిన డాక్టరు పేరు కేస్ షీట్‌లో రాయండి. కెమెరా ఆన్‌లో ఉందని ఇంటివాళ్లకు చెప్పండి. పేషెంటు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

స్పెషలిస్టు లైన్‌లో ఉన్నారన్న ధైర్యంతో రిఫరల్‌ను వాయిదా వేయొద్దు. ‘ఇక్కడే ఉంచగలమా, పంపాలా?’ అని మొదటి కాల్‌లోనే అడగండి. 108కు ఫోన్ చేసి ఏ దారి తెరిచి ఉందో కనుక్కోండి. ఇదంతా ఒకసారి రాత్రి షిఫ్టులో, మెయిన్ స్విచ్ ఆపి రిహార్సల్ చేయండి, వార్డులో సీరియస్ పేషెంటు లేని రోజు చూసుకుని.