పింఛను ఆపిన కరెంటు మీటరు

పోలియో వల్ల 70 శాతం వైకల్యమున్నట్లు సదరం ధ్రువపత్రం ఉన్నా మా తమ్ముడి దివ్యాంగ పింఛను దరఖాస్తు తిరస్కరణకు గురైంది. ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, ఆపైన వైకల్యమున్న పేదలకు 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. మా విషయంలో విద్యుత్ వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని, అందుకే తిరస్కరించామని అన్నారు. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లే! మా ఊరి సచివాలయంలో, వాళ్లు లెక్కలోకి తీసుకున్న మీటరు సర్వీసు నంబరు అడిగి రాయించుకున్నాక, మేము ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి మీటరు ఇంకా తమ్ముడి ఆధార్‌కే ముడిపడి ఉందని తెలిసింది. ఆధార్ నకలు, ప్రస్తుత ఇంటి బిల్లు, పాత యజమాని రాసిచ్చిన లేఖ జతచేసి, ఆ అనుసంధానాన్ని తొలగించమని విద్యుత్ కార్యాలయంలో అర్జీ పెట్టి, అందినట్లు తేదీతో సంతకం చేయించుకున్నాను. అర్జీ కనబడడం లేదని తర్వాత వారన్నప్పుడు ఆ సంతకమే పనికొచ్చింది. తొలగింపు పత్రాన్ని సచివాలయంలో సమర్పించి మళ్లీ దరఖాస్తు చేయగా పింఛను మంజూరైంది.