ముందుకి తన్నుకొచ్చిన హెడ్‌రెస్ట్‌లు, మళ్ళీ ఇలా సెట్ చేశా
రణస్థలం దగ్గర హైవే మీద కారు స్లో చేస్తే వెనకున్న వ్యాన్ గుద్దేసింది, బంపర్ పెద్దగా పోలేదు గానీ ముందు సీట్ల హెడ్‌రెస్ట్‌లు రెండూ ముందుకొచ్చేసి తలని తోసేస్తున్నాయి. సీట్లే మార్చాలన్నాడొక మెకానిక్. ఏటీ అక్కర్లేదు, వెనక నుంచి గుద్దినప్పుడు మెడ వెనక్కి విరుచుకోకుండా ఈ రకం (యాక్టివ్) హెడ్‌రెస్ట్‌లు అలాగే ముందుకి రావాలి, అన్ని కార్లలో ఇవి ఉండవు.

మాన్యువల్ చూసి, వెనక సీట్లో కూర్చుని రెండు చేతులతో పట్టుకుని కిందకి లాగి, వెనక్కి తోసి, మళ్ళీ కిందకి నొక్కితే కుడిది టక్కుమని లాక్ అయింది, ఎడమది మాత్రం మొండికేసింది, గట్టిగా నొక్కితే గానీ పడలేదు (మోడల్ బట్టి పద్ధతి మారుద్ది, లాక్ పడకపోతే వర్క్‌షాప్‌కే).

పన్లోపనిగా ఎత్తు కూడా సరిచేశా, పైఅంచు నడినెత్తి దాకా ఉండాలి, తలకీ దానికీ సందు తక్కువుండాలి. అడ్డమని పీకేసి డిక్కీలో పడేసేవాళ్ళు మా శ్రీకాకుళంలో బోల్డుమంది, వాళ్ళకేం చెప్తాం.