చిన్న ల్యాప్‌టాప్‌లో పెద్ద మ్యాప్ తెరిచే ముందు

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ (మ్యాపులు గీసే, చూసే ప్రోగ్రాము) నెమ్మదించిందంటే, వేగం సంగతి తర్వాత చూడవచ్చు. ముందు చేసిన పనిని కాపాడుకోండి. మెమరీ పూర్తిగా నిండిపోతే కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపేస్తుంది. అది చాలాసార్లు ఎక్కువ మెమరీ తింటున్న మీ మ్యాపే అవుతుంది. సేవ్ చేయాలా అని అడిగేవారు ఉండరు.

ఒక సాయంత్రమంతా గీసిన చెరువుల హద్దులు నాకు ఇలాగే పోయాయి. ప్రాజెక్టును సేవ్ చేశాను కదా అని ధీమాగా ఉన్నాను. కానీ ప్రాజెక్టు ఫైలులో ఉండేది లేయర్లు (మ్యాపులో ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు) ఎక్కడున్నాయి, ఏ రంగులో కనిపించాలి వంటి వివరాలే. గీసిన గీతలను లేయరులో విడిగా సేవ్ చేయాలి. లేయరు పేరు పక్కన చిన్న చిప్ గుర్తు కనిపిస్తే అది తాత్కాలిక లేయరు, మెమరీలోనే ఉంది. ఆ గుర్తుపై నొక్కి వెంటనే జియోప్యాకేజీగా (మ్యాపు డేటాను దాచే ఒక ఫైలు రకం) భద్రపరచండి. ఆ ఫైలుకు నకలు తీసేటప్పుడు క్యూజీఐఎస్‌ను మూసేయండి. తెరిచి ఉండగా తాజా మార్పులు పక్కనే ఉన్న మరో ఫైలులో ఉండిపోవచ్చు.

ఇక వేగం. ముందు బ్రౌజర్ మూసేయండి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) ఉందో లేదో చూసుకోండి. జడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే డేటాను కుదించి పెట్టే ఏర్పాటు) పెట్టుకుంటే ఇంకొంత ఊపిరి ఆడుతుంది.

ఉపగ్రహ చిత్రాలతోనే అసలు బరువు. వెడల్పు, ఎత్తు 20,000 పిక్సెళ్ల చొప్పున ఉన్న మూడు బ్యాండ్ల (రంగుల పొరల) చిత్రం, ఒక్కో బ్యాండులో పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున, కుదించకపోతే, దాదాపు 1.2 జీబీ. పిరమిడ్లు (చిత్రానికి ముందే తయారుచేసి పెట్టిన చిన్న సైజు నకళ్లు) లేకపోతే మొత్తం చిత్రాన్ని తెరపై చూపడానికి డిస్కు నుంచి చాలా భాగం చదవాల్సి వస్తుంది. పిరమిడ్లు కట్టండి, కానీ దయచేసి విడి ఫైలుగానే కట్టండి. లోపల కడితే అసలు ఫైలే మారిపోతుంది, క్యూజీఐఎస్‌లో తర్వాత తీసేయలేరు. కుదించకుండా కడితే అసలు చిత్రంలో మూడో వంతు చోటు అదనంగా పడుతుంది కాబట్టి డిస్కులో ఖాళీ ఎంతుందో ముందే చూసుకోండి.

గీతల లేయర్లకు స్పేషియల్ ఇండెక్స్ (ఏది ఎక్కడుందో త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉండాలి. ఇళ్ల వంటి సన్నని వివరాలు దగ్గరికి వెళ్లినప్పుడే కనిపించేలా స్కేలు పరిమితి పెట్టండి. బరువైన లేయరు చేర్చే ముందు కిటికీ అడుగున ఉన్న రెండర్ టిక్కు తీసేయండి, అమరిక అయ్యాక మళ్లీ పెట్టండి.

మౌస్ బాణం ఆగి ఆగి కదులుతోందంటే మళ్లీ మళ్లీ నొక్కకండి. ఎస్కేప్ మీట నొక్కితే మ్యాప్ గీయడం ఆగుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఎడిట్లు సేవ్ చేసుకుని బయటికి వచ్చేయండి.